ఎడమ కాలి బ్రేకు

హలో… హలో… ఆ, నానేరా, నానే. మీ నానమ్మనే. ఇంకెవులున్నారు ఈ ఇంట్లో? గేదీ, నానూ. అది ఫోనెత్తదు గదా.

… ఇనపడతన్నాది, సెప్పు నరేషూ. గట్టిగా మాటాడకు, నీరసం వస్తాది.

… సింతపండు పిక్కలు తీస్తన్నాను. సేతుల్నిండా జిగురు. ఈ ఫోనేమో మోగతానే ఉన్నాది. మోచేత్తో నొక్కి ఎత్తినాను, తెలుసా?

… నవ్వినావా? నవ్వినట్టే ఇనపడింది. సరే, నవ్వనేదంటే నవ్వనేదు.

తిన్నావా? … ఇడ్లీయా! మళ్ళీ ఇడ్లీయేనా! ఆ ఆస్పత్రోళ్ళకి ఇంకేటీ వండడం రాదేటి? … ఎల్లుండా? ఎల్లుండి ఇంటికి పంపించీస్తారా? నిజమేనా? సల్లటి మాట సెప్పినావు తండ్రీ. వచ్చీ, వచ్చీ. వచ్చిన నాడు నీకు మెంతికూర పప్పు, ఎండు రొయ్యల పులుసూ సేసెడతాను. ఇడ్లీ అన్న మాట ఈ ఇంట్లో ఇనపడితే ఒట్టు.

… మీ అమ్మేది? … పాలకెల్లిందా. ఈశ్వరికి నాను సెప్పినానని సెప్పు, అదీ ఇంత తినమను. మీ అయ్యో? … బయట బల్ల మీదేనా? ఇంకా అక్కడే కూకున్నాడా? … లోపలికి రాడం నేదూ… నీతో మాటాడ్డం నేదూ… ఊఁ.

… కాలెలాగున్నాది?

… ఊఁ. కట్టు మార్చినారు. … సిన్న దెబ్బే. … రాడ్డేసినారు. ఆ. మీ అమ్మా రాడ్డేసినారనే సెప్పింది. మీ అయ్యా అదే సెప్పినాడు. ముగ్గురూ ఒక్క బడిలోనే సదువుకున్నట్టు ఒక్క మాటే అప్పజెప్తన్నారు. మంచిదే.

మరి సెప్పు. దేనికో నసుగుతన్నావు. నీ నసుగుడు నాకు తెల్దేటి? సిన్నప్పుడు పలక ఇరగ్గొట్టుకొచ్చినా ఇలాగే తిన్నావా నానమ్మా, పడుకున్నావా నానమ్మా అని మొదలెట్టీవోడివి.

… గిరిబాబా? శృంగవరపుకోట గిరిబాబేనా? ఎరగకపోవడమేటి! నీతో కంప్యూటర్లో కార్లాట ఆడీవోడు. సెవులకి ఆ డిప్పలు తగిలించుకొని పొద్దత్తమానం ఆడితోనే గదా నీ కబుర్లు. ఎడమకి, కుడికి, ఇప్పుడు తొక్కు, ఇప్పుడు వదులు… పెళ్ళాంతో కూడా ఎవులూ అంతలేసి మాటాడరు. … ఆడు ఇక్కడికొస్తన్నాడా? ఇవాళేనా? ఆటో తీసుకొనా? ఎందుకురా?

… ఏటి?

… మళ్ళీ సెప్పు.

… సక్రమా? ఆ ఆట స్టీరింగు సక్రం, పెడల్లు, కుర్చీ… అన్నీనా? ఆడికి అమ్మీసినావా?

… ఊరికే ఇచ్చీస్తన్నావా!

… ఎందుకు?

… మొహం మొత్తీసిందా. కార్లాట నీకు మొహం మొత్తీసింది. ఒరే, మీ మావ కొడుకు పెళ్ళిలో పప్పన్నం ముందు కూకొని ఇస్తరి కింద సెల్లెట్టుకొని కారు రేసు సూసినోడివి నువ్వు. అప్పడం అనుకొని సెల్లు కొరికీబోయినావు. నీకు మొహం మొత్తిందంటే నాను నమ్మాలా?

… అరవకు. అరవకు నాయనా. … సరే. ఊరుకున్నాను. ఇగో, ఊరుకున్నాను. ఏటి సెయ్యాలో సెప్పు.

… తీగలు ఊడదీయాలా? నానా? … ఆడొచ్చీసరికి సిద్ధంగా ఉంచాలా. సరే. సేతులు కడుక్కొని గదిలోకి ఎల్తాను. ఫోను పెట్టీకు. నాకు మళ్ళీ సెయ్యడం రాదు.

… ఆ. వచ్చినాను. దుమ్మడకుండా నా పాత నేతసీర కప్పి ఎట్టినాను దీనికి. … తీసినాను. ఎదరే ఉన్నాది. నువ్వు వదిలీసి ఎల్లినట్టే ఉన్నాది.

… ఏది, స్టాండా? ఇది నా కుట్టుమిషను స్టాండు బాబూ. ఇదీ ఇచ్చీడమేనా? … ఇప్పడం అవదా. బోల్టులు తుప్పట్టినాయి. ఊఁ.

మీ తాత ఇజీనగరంలో కొని, రైల్లో చీపురుపల్లి దాకా తెచ్చి, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద ఊళ్ళోకి తెచ్చినాడు దీన్ని. ఊళ్ళో సగం ఆడోళ్ళ రవికలు దీని మీద కుట్టినయ్యే. నా కళ్ళు మసకలొచ్చి మూల పడీస్తే, నువ్వే గదా లాగినావు బయటికి? అంతకుముందు సక్రం బల్లకి బిగించినావు, గుర్తుందా? నువ్వు సక్రం ఇటు తిప్పితే బల్ల అటు పోయీది. గోడ దగ్గర మొదలెట్టి గుమ్మం దగ్గర తేలీవోడివి! కారు ఆటలో ఎంత దూరం ఎల్లిందో గాని, బల్ల మాత్రం మా ఇల్లంతా తిరిగొచ్చింది. నానే అన్నాను, ఒరే, నాను ఇన్నేళ్ళు తొక్కినా ఆ మిషను స్టాండు ఎంట్రుకంత కదల్నేదు, దానికి బిగించు అని.

… తెలుసురా, తొందరని తెలుసు. తీగ సంగతి సూస్తన్నాను గదా. ఏ తీగ? … నల్లదా? రెండు నల్లవి ఉన్నాయి. … సన్నదా. ఊఁ. వంగనీ. నా నడుం నీ కారేటి, బేగి తిరగడానికి?

… ఇగో, ఇక్కడ నా సన్నికల్లు ఉన్నాది. ఇది మాత్రం ఇవ్వను. … నవ్వులాట కాదు. నువ్వు బ్రేకు తొక్కితే ఆ పెడల్ల పలక గచ్చు మీద ముందుకి జారిపోయీది. ఇటికలడ్డమెట్టినావు, ఇటికల్తో పాటు జారింది. బియ్యం బస్తా ఎట్టినావు, బస్తా కన్నం పడింది. ఆఖరికి నాను పెరట్లో ఉండగా నా సన్నికల్లు ఎత్తుకొచ్చి అడ్డమెట్టీసినావు. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో మిక్సీ పచ్చడే. మీ అయ్య ముద్ద ముద్దకీ గొణిగీవోడు. నాను సెప్పినాను, కొడకా, పచ్చడి రుచి తగ్గితే తగ్గింది, నీ కొడుకు టైము కూడా తగ్గతన్నాదట గదా, తినీ అని.

… టైమంటే నాకూ తెలుసురా. ఒక సుట్టు తిరిగి మొదలెట్టిన కాడికి రావడానికి పట్టీ టైము. ల్యాపు. నువ్వు సెప్పినావు. నాకు సదువు రాదు గాని, నువ్వు సెప్పినవన్నీ నా బుర్రలో ఉన్నాయి. ముందు సక్రం బరువు బాగా ఎక్కువెట్టుకొని తిప్పినావు. గట్టిగుంటేనే నిజం కారులాగుంటాదని. జబ్బలు పీకీసి నా సేత నూనె రాయించుకున్నావు. అప్పుడీ గిరిబాబే గదా సెప్పినాడు, బరువు తగ్గించు, సక్రంతో కుస్తీ పడితే అది సెప్పేది నీకెలాగ తెలస్తాది, టైరు జారతన్నాదో పట్టుకున్నాదో అది సేతికి సెప్తాది, ఇను అని. తగ్గించినావు. అప్పుడు ఆ మలుపుల్లో నీ కారు సర్రుమని పక్కకి పోడం మానీసింది. నాను ఎనక కూకొని సూసినాను గదా.

దసరాకేటి సేసినానో గుర్తుందా? … ఉన్నాదా! అందరూ బండి సక్రాల కింద నిమ్మకాయలెట్టి తొక్కిస్తారు. దీనికి కింద సక్రాల్లేవు. నానూ ఆలోచించీ ఆలోచించీ పెడల్ల కిందెట్టినాను. నువ్వు సూసుకోకుండా వచ్చి తొక్కితే రసం మొహానికి కొట్టింది! సక్రానికెట్టిన కుంకం సేతులకంటుకొని, కళ్ళు నులుపుకొని, ఎల్లి గోడకి గుద్దీసినావు ఆటలో. ఆ గిరిబాబు డిప్పల్లోంచి నవ్వతంటే నాకిక్కడికి ఇనపడింది.

… ఆ. ఆ. తీగ. సూస్తన్నాను.

… రాడం నేదురా. బిగుసుకుపోనాది.

… లాగతన్నాను. రాడం నేదు.

… ఏటి, అబద్ధమా?

… అవును. అబద్ధమే. ముట్టుకోనేదు నాను. ఏటి సేస్తావు? నువ్వాడొచ్చును గాని నానాడకూడదా?

… నువ్వాడనేదా? రాడ్డేసినారని ఎవులు సెప్పినారు నాకు? సిన్న దెబ్బని ఎవులు సెప్పినారు?

…

నరేషూ.

… నరేషూ, ఉన్నావా? ఊపిరి ఇనపడతన్నాది.

నాకు తెలుసురా తండ్రీ. కాలు తీసీసినారని తెలుసు. కుడికాలు. మోకాలి కింద నుంచి.

…

ఎవులూ సెప్పనేదు. మీ అమ్మని తిట్టకు. అది నా కాడ నోరిప్పనేదు. మీ అయ్యా సెప్పనేదు.

… సెప్తాను. నువ్వు ముందు ఊపిరి పీల్చుకో. మంచినీళ్ళున్నాయా పక్కన? తాగు. … తాగినావా.

నీకు ఆపరేషనైన మర్నాడు మీ అయ్య ఇంటికొచ్చినాడు. తెలతెలవారతన్నాది. నాను గేది కాడ పేడ తీస్తన్నాను. ఆటో ఈధి సివర ఆపించుకొని నడిచొచ్చినాడు. సేతిలో తెల్లగుడ్డ మూట. పురిట్లో పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు, రెండు సేతులా. నన్ను సూడనేదు. ఇంట్లోకి రానేదు. సావిట్లో పార తీసుకున్నాడు. గడప దగ్గర వంగినాడు. నీ కాలిజోళ్ళున్నాయి గదా అక్కడ, దెబ్బ తగిలిన రోజు నువ్వు బూట్లేసుకొని సెల్లుల కొట్టుకి పనికెల్లినావు. జత అక్కడే ఉన్నాది. అందులో ఒకటి తీసుకున్నాడు. ఒక్కటే. కుడిది.

ఇంకొకలు నాకు సెప్పాలేటిరా?

… మనోళ్ళు అలా తీసిన కాలో సెయ్యో ఆస్పత్రిలో వదిలీరు. అడిగి తెచ్చుకుంటారు. సొంత నేలలో పెడతారు. మా సిన్నాయన సెయ్యి గానుగలో నలిగిపోనప్పుడూ అలాగే తెచ్చినారు. మనిషిది మనిషి కాడే ఉండాల గదా.

… ఎక్కడా? మన జీడితోట గట్టు మీద. బోరు పక్కన.

… ఏడు. ఏడు నాయనా. మీ అమ్మ కాడ ఏడవలేవు, మీ అయ్య కాడ ఏడవలేవు. నా కాడ ఏడు.

… ఇన్ని రోజులూ ఎందుకు అడగనేదంటావా? మీరు ముగ్గురూ కలిసి నా గుండె ఆగిపోద్దని దాస్తన్నారు. నాకు తెలుసని తెలస్తే మీ ముగ్గురికీ ఆ పనీ పోద్దని నానూరుకున్నాను. ఏదో ఒకటి దాసుకొని ఉంటే మనిషి నిలబడతాడు.

నా రెండు కాళ్ళూ సాపుకొని, వాటి మీద నిన్ను బోర్లా ఏసుకొని, నలుగెట్టి తానం పోసీదాన్నిరా. ఆ కాలు నాకు తెల్దేటి? రెండో ఏలు బొటనేలి కంటే పొడుగు. మడం కాడ పుట్టుమచ్చ. నీళ్ళు మీద పడితే ఆ కాలే ముందు తన్నీది. నువ్వు ఈ కుర్చీలో కూకున్నప్పుడూ ఉత్త కాళ్ళతోనే తొక్కీవోడివి. బూటేసుకుంటే పెడలు తెలదని. నాను ఎనక కూకొని కారేటి సూస్తాను, ఆ మడం లేచి దిగతంటే దాన్నే సూసీదాన్ని.

… ఊఁ. … ఊఁ.

… ఆ జోడా? పారీసినాడా అంటావా? … నీ కళ్ళబడకూడదని పారీసినాడా… కాదురా. పారీనేదు. సెప్తాను, ఉండు. ఎవులో పిలుస్తన్నారు.

ఎవులూ? … గిరిబాబూ! రా నాయనా. లోపలికి రా. ఫోన్లో నరేషే. … ఆ అరుగు మీద కూకో. నీళ్ళు అక్కడ ముంతలో ఉన్నాయి. ఆటోవోణ్ణి నీడకి ఎట్టమను. … కూకో, కూకో, తొందరేటి?

… ఆ, వచ్చినాడురా. బక్కగా, పొడుగ్గా, మీసాల్లేవు. గొంతు బట్టి మనిషి లావుగుంటాడనుకున్నాను.

… ఇచ్చీమంటావా. ఇంకా అదే మాటా?

… ఎల్లుండి ఇంటికొచ్చీసరికి అది కనపడకూడదు. ఊఁ. … సూడలేవు. అవును. నానూ సూడలేక సీర కప్పినాను.

… ఆ కార్లాట పోటీ అయిపోనాది, తెలుసు. ఇశాపట్నంలో. నీ పేరొచ్చిన పోటీ. నువ్వు లేపోతే ఆడైనా ఎల్లుంటాడు గదా. … ఎల్లనేదా? ఆడూ మానీసినాడా? … అందుకా. ఆడి సక్రం కంటే ఇది మంచిదని, ఆడికిచ్చీస్తే ఆడైనా ఆడతాడని. ఊఁ. నీ మనసు మంచిదే బాబూ.

ఒక్కటడుగుతాను. కోప్పడకు. నువ్వే సెప్పినావు నాకు, ఈ ఆటలో కుడికాలుకి గ్యాసు, ఎడంకాలుకి బ్రేకు అని. అవునా? … నా హవాయి జోడు మడం ముక్క ఏ పెడలు ఎనక ఉన్నాది? … బ్రేకు ఎనక. మరి? ఆ బ్రేకు మెత్తగా దిగిపోతన్నాది, ఎంత తొక్కినానో కాలికి తెలడం నేదు అని నువ్వు గింజుకుంటంటే, నాను కత్తిపీట మీద నా జోడు కోసిచ్చినాను. ఎట్టినావు. గట్టిబడింది. ఎంత దూరం దిగిందని కాదు నానమ్మా, ఎంత బలమెట్టినామన్నదే లెక్క అన్నావు. ఆ రోజే గదా నీ టైము తగ్గింది? ఒక్క రెప్పపాటు తగ్గిందని నన్నెత్తుకొని పెరడంతా తిప్పీసినావు. నాను అడిగినాను, అంటే ఇంకా స్పీడుగా తోలినావా అని. కాదు నానమ్మా, గ్యాసు ఎవుడైనా తొక్కతాడు, మలుపులో బ్రేకు ఎప్పుడు తొక్కాలో, ఎలాగ మెల్లిగా వదలాలో తెలిస్తేనే టైము తగ్గతాది అన్నావు. ఆ మాట నువ్వన్నదే. నాను కట్టి సెప్పడం నేదు.

… మరి ఎడంకాలున్నాది గదా.

… గ్యాసు… గ్యాసు సేత్తో ఇవ్వలేవా? నీ బండికి గ్యాసు సెయ్యే గదా తిప్పీది? మీ అయ్య టిల్లరుకి ఏటి, కాలితో ఇస్తన్నాడా?

… సరే. సరే. ఆపీసినాను. తప్పే. నాకేటి తెలుసు? కోప్పడకు. … అవును, నా కాలు కాదు పోనాది. అవును నాయనా. నీదే. నాదైతే బాగున్ను. రోజూ దేవుడికి అదే సెప్తన్నాను, నడిసీ కాలు తీసీసినావు, ఈ నడవని కాళ్ళు రెండూ ఉంచినావు, నీకు లెక్కొచ్చా అని.

…

… ఏటన్నాడు?

… ఎప్పుడన్నాడు ఆ మాట?

… మీ అయ్యా? కార్లాటలాడీ ఆడీ రోడ్డు మీదా అలాగే తోలినావు, నీ కాలు నువ్వే పోగొట్టుకున్నావు అన్నాడా? నీకు మెలకువొచ్చిన నాడే? … ఆ తరవాత ఇంక నీతో మాటాడనేదు. అదా. అందుకా ఈ సక్రం కనపడకూడదంటన్నావు. ఆడి కళ్ళబడకూడదని.

ఒరే, నువ్వు బండెంత మెల్లిగా తోలతావో నాకు తెల్దా? నన్ను అరసవల్లి తీసుకెల్లినావు గదా, సైకిళ్ళోళ్ళు దాటుకొని పోయినారు మనల్ని. కొబ్బరికాయలమ్మీ ముసిలిది కూడా దాటిందేమో. నానే సిగ్గుపడి కొంచెం బేగి తోల్రా అంటే, ఇది ఆట కాదు నానమ్మా, ఇక్కడ గుద్దితే మళ్ళీ మొదలెట్టడానికి అవదు అన్నావు. నీలగిరి కర్రలేసుకొని, ఎనక దీపం లేకుండా, రోడ్డు మధ్యన ఆపిన ట్రాక్టరుది తప్పు. నీది కాదు. ఆ సక్రానిది కాదు. ఊరందరికీ సెప్తన్నాను ఆ మాట. మీ అయ్యకీ తెలుసు.

… తెలుసు. ఆడికి తెలుసు. నా కొడుకుని నానెరగనా? గుండె పగిలితే నోట్లోంచి ముందు రాయొచ్చి పడతాది జగన్నాధానికి. సిన్నప్పట్నుంచీ అంతే. ఇప్పుడు ఆ రాయి ఎనక్కి తీసుకోవడం తెలక బల్ల మీద కూకున్నాడు.

… నమ్మవా?

ఆ జోడు సంగతి సెప్తానన్నాను గదా. ఇను.

ఆడు ఎల్లినాక నాను ఊరుకోనేదు. కర్ర పట్టుకొని ఎనకాలే ఎల్లినాను. మెల్లిగా, ఆడికి తెలకుండా. జీడిసెట్టు ఎనక నిలబడ్డాను. ఆడు గొయ్యి తీసినాడు. లోతుగా తీసినాడు, నక్కలు తవ్వకుండా. తీసి, మోకాళ్ళ మీద కూకొని, ఆ గుడ్డ ఇప్పినాడు.

… ఇంటన్నావా?

ఇప్పి, ఆ జోడు తీసి, కాలికి తొడగబోయినాడురా.

… అవును. ఆ కాలికే.

పట్టనేదు. వాసిపోనాది గదా. బొటనేలి కాడ పట్టీ దూరడం నేదు. ఆడు వదల్నేదు. నిన్ను ఒకటో తరగతిలో బడికి పంపినప్పుడు బూట్లు తొడిగీవోడు, గుర్తుందా, నువ్వు కాలు గట్టిగా బిగబట్టీసీవోడివి? అచ్చం అలాగే మాటాడతన్నాడు దాంతోటి. బిగబట్టకురా. ఏలు లోపలికెట్టు. అలాగ కాదు, మెల్లిగా… అని. ఎండలో ముళ్ళల్లో ఉత్త కాలితో ఎలాగుంటావురా అని. ఆఖరికి పట్టీ తెంపీసి, కండవా సింపి, ఆ గుడ్డతోటి జోడు కాలికి కట్టినాడు. రెండు ముళ్ళేసినాడు. అప్పుడు దించినాడు.

జోడు పారీనేదురా మీ అయ్య. దాని కాలికే ఉన్నాది.

…

…

ఏడు. నానెక్కడికీ ఎల్లను. ఫోను పెట్టీను.

… ఊఁ.

… ఊఁ, నాయనా.

… నాను సూసినట్టు ఆడికి తెల్దు. సెప్పకు. ఇంటికొచ్చి, నూతికాడ నెత్తి మీద నీళ్ళు పోసుకొని, రాడ్డేసినారమ్మా, ఏటీ బెంగెట్టుకోకు అని నాకు సెప్పి ఎల్లిపోనాడు. కండవా ఏదిరా అంటే బస్సులో పోనాదన్నాడు.

… గిరిబాబా? ఉన్నాడు. అరుగు మీదే ఉన్నాడు. ఆటో తెచ్చినాడు గాని తాడు తేనేదు. అంత సామాను ఆటో మీద తాడు లేకుండా ఎలాగ పట్టికెల్తాడు? ఆడికీ పట్టికెల్లాలని లేదు బాబూ. నువ్వు కోప్పడతావని వచ్చినాడు.

… ఏటి సెప్పమంటావు ఆడికి?

…

… గట్టిగా సెప్పు, ముక్కుతో మాటాడతన్నావు.

… సీరా? … ఆ. కప్పీస్తాను. తీగ ముట్టుకోనేదు. ఏదీ ముట్టుకోనేదు. దుమ్మడకుండా మళ్ళీ కప్పీస్తాను.

… ఆణ్ణి అన్నం తినీసి ఎల్లమంటాను. సింతపండు సారుంది.

… ఏది, ఎడమదా? … ఉన్నాది నాయనా. గడప దగ్గరే ఉన్నాది. రోజూ తుడిసి, నువ్వేసుకోడానికి వీలుగా తిప్పి ఎడతన్నాను.

… ఎవులది, తలుపు సప్పుడు? ఈశ్వరొచ్చిందా?

… మీ అయ్యా?

… ఒద్దు, ఫోను ఆడికియ్యకు. నాతో ఏటున్నాది ఆడికి? మంచం మీద సోటియ్యి. నీ పక్కన కూకోమను.

పెట్టీస్తన్నాను.